పెద్దలు అలిగిన పక్షం

భాద్రపద బహుళ పాడ్యమి

మా ఇంట్లో నాకు రాయి అని పేరు. పెట్టింది అక్క, ఒప్పుకున్నది నాన్న. అమ్మ పోయి మూడేళ్లు దాటినా నేను ఒక్కరోజు కూడా ఆమె గొంతు వినిపించే పలుకుపెట్టె ముందు కూర్చుని "అమ్మా" అనలేదన్నది నా మీద నేరం.

"కన్నతల్లి గొంతు వినబుద్ధి కాదేటే నీకు? ఆ శాలలోనే ఉజ్జోగం చేస్తావు, ఆవిడ ఎలాగుందని అడగవు. నీకు గుండె ఉన్నాదా, బండరాయి ఉన్నాదా?" అని ఈ పొద్దున కూడా సుగుణక్క ఫోన్ చేసింది. బస్సు వచ్చిందని చెప్పి పెట్టేశాను. బస్సు రాలేదు.

పెద్దల శాలలో నా పని మాటలు వినడం కాదు, కరెంటు పంచడం. పోయినవాళ్ల గొంతులు పలికే సర్వర్లు వరసలు వరసలుగా ఉంటాయి. ఎవరు ఎంత కరెంటు తీసుకుంటున్నారో నా ముందు తెరమీద గీతలుగా నడుస్తుంది. అందులో అమ్మ గీత ఏదో నాకు తెలుసు. నాన్న పొద్దున్నే పెట్టె తెరుస్తాడు, ఏమీ మాట్లాడడు. ఇంట్లో మనిషి అలికిడి ఉన్నట్టుంటుందట. అప్పుడు గీత సన్నగా వణుకుతుంది. అమ్మ వింటోందన్నమాట. కాసేపటికి అక్క కూతురు చుక్క వచ్చి ఏదో వాగుతుంది. గీత చిన్న గుట్టలా లేచి దిగుతుంది. అది నవ్వు. ఒకసారి అక్క ఫోన్లో ఉండగా వెనక అమ్మ నవ్వడం వినిపించింది, అదే క్షణంలో నా ముందు గీత లేచింది. అలా పట్టుకున్నాను.

డ్యూటీ ఉన్నంతసేపూ అమ్మ పక్కనే ఉంటాను. నేను మాట్లాడితే ఆ గీత నా కోసం కదులుతుంది. నాకది వద్దు. చిన్నప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి, నన్ను గమనించకుండా ఆమె పని చేసుకుంటుంటే చూసేదాన్ని. ఇప్పుడూ అదే చేస్తున్నాను. ఇది అక్కకు ఎలా చెప్పాలో తెలియక రాయిగా ఉండిపోయాను.

ఇవాళ రాయాల్సిన అసలు సంగతి: ఊరికి కరెంటిచ్చే సముద్రంలోని గాలిమరలు ఆగిపోయాయి. ఈ నెలలో అవి ఎప్పుడూ ఆగవు.

తదియ

గాలి లేదు. ఒంటిమీద చెమట ఆరడం లేదు. మధ్యాహ్నం భోజనానికి శాల గేటుకు ఎదురుగా, ఎండకు తాళలేనివాళ్ల కోసం ఊరు నడిపే చలవగదికి వెళ్లాను. ముసలివాళ్లు, బాలింతలు, చంటిపిల్లలు గోడలకు ఆనుకుని కూర్చున్నారు. గేటు దగ్గర జీడిపప్పు అమ్మే సూరీడమ్మ బుట్ట ఒళ్లో పెట్టుకుని నాకు చోటిచ్చింది.

"రా బుల్లీ, కూకో. ఈ గదే లేకపోతే ఈపాటికి నానూ మీ శాలలోనే ఉందును."

"నీకంత తొందరేం వచ్చింది?"

"గొంతిచ్చీసాను గదేటి, మొన్న కేంపులో. సచ్చినోళ్ల కాడ సల్లగుంటాదంట గదా, నిజమేనా?"

నిజమే. ఊరికీ శాలకూ ఒకటే లైను. లోడు మించితే ముందు ఆగేది చలవగదులు, చివర ఆగేది శాల. ఊరంతా సభ పెట్టి చేతులెత్తి ఒప్పుకున్న పద్ధతి అది. పెద్దల కరెంటు ఆగకూడదని. అప్పటికి బతికే ఉన్న మా అమ్మ కూడా చెయ్యెత్తింది.

మా ఇంచార్జి నరసింహం గారు నేను చేరిన కొత్తలో శాల లెక్క ఇలా చెప్పారు: "పెళ్లికి వెయ్యిమందిని పిలుస్తాం. వెయ్యి విస్తళ్లూ ఒకేసారి వేస్తామా అమ్మా? పంక్తులుంటాయి. ఎవడి ఆకలి వాడి టైముకి." నాలుగువేల ఇళ్లకు మాట ఇచ్చాం. ఒకేసారి పలికించగలిగింది అందులో మూడోవంతును. మిగతావాళ్లు ఆ సమయానికి నిద్రలో ఉంటారు, నిద్రపోయే పెద్దకు పెద్దగా కరెంటు అక్కర్లేదు. ఏడాదంతా ఈ లెక్క నడుస్తుంది. ఒక్క పెద్దల అమావాస్యనాడు మాత్రం ఊరు ఊరంతా మొదటి పంక్తిలోనే కూర్చుంటుంది. ఆ ఒక్కరోజూ గాలి ఆదుకునేది.

ఇవాళ నరసింహం గారు చెప్పగా అన్ని గొంతులకూ కళ్లెం వేశాను. ఇంతకు మించి కరెంటు లాగకుండా ఒక హద్దు అన్నమాట. కళ్లెం పడితే గొంతు మారదు, మాట మారదు. మాటకూ మాటకూ మధ్య ఎడం వస్తుంది, అంతే. జనం విసుక్కుంటారని ఫిర్యాదుల బల్ల దగ్గర ఇంకో మనిషిని కూర్చోబెట్టాం.

ఒక్క ఫిర్యాదూ రాలేదు. లోడు తగ్గాల్సింది పోయి సాయంత్రానికి పెరిగింది.

పంచమి

ఎందుకో తెలిసింది.

"నీలా, అమ్మ అలిగిందే" అంది అక్క, ఫోన్ ఎత్తగానే.

"ఏమంది?"

"ఏటీ అన్లేదు. అదే గదా అలకంటే! చుక్క వెళ్లి 'అమ్మమ్మా, నా జడ చూడు' అంటే ఎంతసేపటికో 'బాగుందమ్మా' అన్నాది. బతికున్నప్పుడు ఎలాగుండీదో మర్చిపోయావేటి? అడిగినదానికే జవాబు, అదీ గిన్నెలన్నీ సర్దుకున్నాక."

మర్చిపోలేదు. మా వైపు ఇళ్లలో పెద్దవాళ్లు అలిగితే అరవరు, ఆలస్యంగా బదులిస్తారు. పిలిచినా పలకని ఆ ఎడంలోనే కోపమంతా ఉంటుంది. ఎంతసేపు ఆలస్యం చేస్తే అంత పెద్ద కోపం. దాన్ని కొలవడం చిన్నపిల్లలకు కూడా వచ్చు. కరెంటు తగ్గించి నేను నాలుగువేల ఇళ్లలో సరిగ్గా ఆ ఎడాన్నే తెచ్చిపెట్టాను.

అలిగిన మనిషిని వదిలేసి ఎవరు పోతారు? బతిమాలుతున్నారు. మేనత్తల్ని పిలిపించి వాళ్లచేత చెప్పిస్తున్నారు. పెట్టె ముందు ఇంటిల్లిపాదీ చేరి, పాత తప్పులన్నీ ఒప్పుకుంటున్నారు. బతిమాలే కొద్దీ లోడు పెరుగుతోంది, పెరిగే కొద్దీ కళ్లెం బిగించాల్సి వస్తోంది, బిగించే కొద్దీ అలక ముదురుతోంది.

"అక్కా, అలకా లేదు, ఏమీ లేదు. కరెంటు చాలడం లేదు. నేనే తగ్గించాను" అన్నాను.

కొంచెంసేపు మాట్లాడలేదు. అచ్చం అమ్మలాగే.

"నువ్వు రాలేదని ఆవిడ అలిగితే, కరెంటు మీద తోసీస్తావేటే?" అని పెట్టేసింది.

సప్తమి

నరసింహం గారి గదికి వెళ్లాను. "చెప్పేద్దాం సార్. కరెంటు తక్కువగా ఉంది, పెద్దలకు ఎవరిమీదా కోపం లేదు అని ఒక్క మాట."

"పెళ్లిపందిట్లో మైకు పట్టుకుని విస్తళ్లు చాలవని చెప్పమంటావా?"

"చెప్పకపోతే ఎవరికీ మిగలదు."

"నువ్వు తెలివైన పిల్లవి నీలవేణీ. కానీ వాళ్లు కరెంటుతో మాట్లాడుతున్నామనుకోవడం లేదు, అమ్మతో మాట్లాడుతున్నామనుకుంటున్నారు. ఆ నమ్మకం చెరిపేసి నేను వాళ్లకు ఏమివ్వగలను?" కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మా ఆవిడ కూడా నాలుగు రోజుల్నుంచీ ముభావంగానే ఉంది. రిటైరయ్యాక కాశీ తీసుకెళతానన్నాను. అది మనసులో పెట్టుకుందేమో."

"సార్, ఆవిడకు కళ్లెం వేయమన్నది మీరే."

"తెలుసమ్మా. అయినా..."

కళ్లెం వేయమన్న మనిషి, ఆ ఎడం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన మనిషి, ఇంటికెళ్లి దాని ముందు చేతులు కట్టుకుని నిలబడుతున్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.

ఆఖరికి శాల తరఫున ఊరికి ఒక సందేశం వెళ్లింది: "పెద్దలు విశ్రాంతి కోరుతున్నారు. ఓపిక పట్టండి." చదివినవాళ్లంతా తమ ఒక్క ఇంట్లోనే కాదు, ఊరందరి పెద్దలూ అలిగారని అర్థం చేసుకున్నారు. మధ్యాహ్నానికి లైను మీద లోడు మించి, ఎదుటి చలవగది కాసేపు ఆగింది. జనం విసనకర్రలతో బయట అరుగుల మీద కూర్చున్నారు. నా తలుపు అద్దంలోంచి చూస్తుంటే సూరీడమ్మ చెయ్యి ఊపింది.

నవమి

ముత్తైదువగా పోయినవాళ్ల రోజు ఇవాళ. అంటే అమ్మ రోజు. సెలవు పెట్టి ఇంటికి వెళ్లాను.

పెట్టె ముందు అరిటాకు వేసి అన్నం, గుమ్మడికాయ పులుసు, నువ్వుండలు వడ్డించారు. పక్కన కొత్త చీర, గాజులు. అక్క నన్ను భుజం పట్టి తీసుకెళ్లి పెట్టె ఎదుట కూర్చోబెట్టింది.

"అమ్మా, చిన్నది వచ్చిందే. చూడు, ఎలాగ చిక్కిపోయిందో."

ఎడం. నిన్న నేను బిగించిన కళ్లెం ఎంత పొడుగుందో ఇంతవరకూ తెరమీదే చూశాను. ఇప్పుడు అది మా నలుగురి మధ్యా కూర్చుంది. గోడమీద బల్లి ఒకటి ఆ చివరనుంచి ఈ చివరకు పాకింది.

"వచ్చిందా" అంది అమ్మ.

నాన్న ముందుకు వంగాడు. ఆయన అమ్మకు క్షమాపణ చెప్పడం నేను పుట్టాక వినలేదు. "నాదే తప్పు లేవే. నువ్వు పాడుకుంటుంటే విననట్టుండీవోణ్ని. వినీవోణ్నే. ఒక్కరోజు బాగుందని అన్లేదు. అదే గదా నీ కోపం?"

"కోపం... ఏటండి... నాకు... లేదు."

"లేదనకమ్మా, మాకు తెలీదేటి!" అక్క ఏడుస్తోంది. "వారం నుంచీ నువ్వు మాతో సరిగ్గా పలకట్లేదు. దేనికి కోపమో చెప్పీ, తిట్టీ, కానీ ఇలాగుండకు."

చాలాసేపు ఏమీ వినిపించలేదు.

"మీరందరూ... అంటున్నారు గదా. ఉండే... ఉంటాది."

శాలలో గొంతులు ఇంట్లోవాళ్ల మాటల నుంచే నేర్చుకుంటాయి. అమ్మ పోయాక పుట్టిన చుక్క ఆమెకు అలాగే తెలిసింది. చుక్క జ్వరాలు, చుక్క పళ్లు, చుక్కను నిద్రపుచ్చే పాట, అన్నీ ఈ మూడేళ్లలో నేర్చుకున్నవే. వారం నుంచి ఇల్లంతా ఆమెకు నేర్పుతున్నది ఒక్కటే, నువ్వు అలిగావు అని.

"దేని గురించి అమ్మా?" అక్క వదల్లేదు. "చిన్నది రాలేదనా?"

"అవును... చిన్నది... రాలేదని."

నేను నోరు తెరిచాను. మూడేళ్లలో మొదటిసారి. "అమ్మా, నేను రోజూ నీ పక్కనే ఉంటున్నానే."

బల్లి దూలం వెనక్కు వెళ్లిపోయింది. ఆకులో పులుసు చల్లారింది.

"అబద్ధాలు... ఆడకు" అంది అమ్మ.

అమ్మ నాతో ఎప్పుడూ ఆ మాట అనలేదు. అక్క నా వైపు చూడలేదు. చుక్క వచ్చి నా ఒళ్లో కూర్చుని, "నాతో కూడా పలకట్లేదు పిన్నీ. నానేటీ చెయ్యలేదు" అంది.

దశమి

పొద్దున్నుంచి తెర చూస్తున్నాను. అమ్మ గీత పలికేటప్పుడు పలికింది, వినేటప్పుడు వణికింది. గుట్ట ఒక్కసారి కూడా లేవలేదు.

ద్వాదశి

రాయడం కష్టంగా ఉంది. రాస్తాను.

పదకొండింటికే లోడు హద్దు దాటింది. కళ్లెం బిగించాను. తగ్గలేదు, పెరిగింది. అలక తీర్చడానికి పొరుగూళ్ల నుంచి కూడా చుట్టాలు వచ్చి పెట్టెల ముందు కూర్చున్నారు. లైను తనంతట తానే ఎదుటి చలవగదిని ఆపేసింది. నరసింహం గారికి చెప్పాను. "శాలను తాకకు, ఎండ దిగేదాకా చూద్దాం" అన్నారు. చూశాం.

సూరీడమ్మ గోడకు ఆనుకుని, బుట్ట ఒళ్లో పెట్టుకునే ఉంది. నిద్రపోతోందనుకున్నారు. అందరూ బయటికి వచ్చి కూర్చున్నాక, ఈవిడ ఒక్కతే రాలేదేమని ఎవరో లోపలికి వెళ్లి చూశారు. నేను గేటు దాటి పరిగెత్తేసరికి చాప మీద పడుకోబెట్టారు. ఒళ్లు పొయ్యిమీది పెనంలా కాలుతోంది. పోయింది.

డెస్కు దగ్గరికి తిరిగి వచ్చాను. శాలలో చల్లగా ఉంది.

త్రయోదశి

సూరీడమ్మ కొడుకు ఎర్నాయుడు వచ్చాడు. పడవ మెకానిక్కు, నా వయసువాడే. కర్మ కూడా కాలేదు.

"మా అమ్మ గొంతిచ్చీసింది గదండీ. అమాసలోపు లేపగలరేటి? ఒక్క మాట మాట్లాడాల."

"చోటుంది నాయనా, ఇవాళే లేపుతాం" అన్నారు నరసింహం గారు, భుజం మీద చెయ్యేసి.

ఆయన్ని పక్కకు పిలిచాను. "సార్, ఆవిడ పోయింది ఈ లోడు వల్ల. మళ్లీ ఈ లోడులోకే తెస్తామా?"

"ఆ మాట ఆ అబ్బాయికి నువ్వు చెబుతావా?"

ఎర్నాయుడు గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు. సూరీడమ్మ కూర్చునే రాయి దగ్గర ఎవరిదో కుక్క పడుకుని ఉంది. నేను చెప్పలేదు. ర్యాకు కేటాయించి, సూరీడమ్మను నేనే లేపాను. అందరికీ వేసిన కళ్లెమే ఆమెకూ వేశాను.

కాసేపటికి ఎర్నాయుడు శాలలోనే ఉన్న పలుకుగదిలోంచి బయటికి వచ్చాడు. మొహం తెల్లబోయి ఉంది.

"అమ్మ మాట్లాడతాది గానీ అమ్మాయిగారూ, ఆగి ఆగి మాట్లాడతాది. కోపం లేదు నాయుడూ అంటాది, కానీ ఉన్నాది. నాకు తెలుస్తాది గదా. నిన్న ఒంట్లో బాగోలేదు, పని మానేసి తోడు రారా అన్నాది. నాను ఎల్లలేదు. అదేనేటండీ?"

"కాదు" అన్నాను. "అది కాదు. కరెంటు లేదు. ఆవిడ గొంతుకి నేనే కళ్లెం వేశాను. కోపం లేదు."

నాకేసి జాలిగా చూశాడు. తనను ఓదార్చడానికి అబద్ధమాడుతున్నాననుకున్నాడు. "మీరు మంచోరు" అని, చొక్కా చేతితో కళ్లు తుడుచుకుని, బతిమాలడానికి మళ్లీ లోపలికి వెళ్లాడు.

చతుర్దశి

రేపు అమావాస్య. నాలుగువేల ఇళ్లూ ఒకేసారి పెట్టెలు తెరుస్తాయి. గాలి ఇంకో మూడు రోజులు లేదంటున్నారు. ఇంకా బిగిస్తే ఇంకా ఎక్కువసేపు కూర్చుంటారు. ఊళ్లో ఒక్క చలవగది కూడా మధ్యాహ్నం దాకా నిలవదు. సగం పలికే పెద్దను వదిలి ఎవరూ లేవరు. అసలు పలకని పెట్టె ముందు మాత్రం ఎంతసేపు కూర్చుంటారు? లేచి, ముసలివాళ్లనూ పిల్లలనూ తీసుకుని చలవగదులకు వెళతారు.

శాల మొత్తం ఆపితే మళ్లీ లేపవచ్చు. కానీ లేచేది గొంతిచ్చిన నాటి మనుషులు. పోయాక నేర్చుకున్నదంతా పోతుంది. ఈ పక్షంలో నేర్చుకున్న కోపమూ పోతుంది, చుక్కా పోతుంది.

పొద్దున్నే అక్కకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంకెవరికి చెప్పినా చెప్పకపోయినా ఆమెకు చెప్పకుండా చేయలేను. మధ్యాహ్నం చుక్కను చంకనేసుకుని, ఆ ఎండలో, నేనుండే అద్దెగదికి వచ్చింది. మంచినీళ్లిస్తే తాగలేదు.

"నిజమేనేటే? నువ్వు చెప్పినదంతా?"

"నిజం."

"అయితే అమ్మకి కోపం లేదు."

"లేదు. మనం ఉందన్నాం గనక ఉందనుకుంటోంది."

అక్క మంచం మీద కూలబడింది. చుక్క నా చెప్పులు వేసుకుని గదంతా టపటపా తిరుగుతోంది. దాన్ని చూస్తూ అంది: "మళ్లీ లేపితే ఇదెవరని అడుగుతాది గదే, అమ్మ."

"అడుగుతుంది."

"ఈ గుంటకి పేరు పెట్టింది ఆవిడే. కడుపులో ఉన్నప్పుడు పొట్ట మీద పెట్టి ఆనించీదాన్ని ఆ పెట్టెని." నా చెయ్యి పట్టుకుంది. "ఒక్కర్తిని దాచలేవేటే? నువ్వక్కడే ఉంటావు గదా. నాలుగువేలమందిలో ఒక్కర్తి. ఎవరికి తెలుస్తాది?"

దాచగలను. నిన్నంతా ఆ లెక్కే చూశాను. కింది అంతస్తులో నకలు తీసే గది ఉంది. దాన్ని తెరిచి, తెల్లవారుజామున మొదలుపెడితే మధ్యాహ్నం అయ్యేసరికి అమ్మ ఒక్కతే, ఈ మూడేళ్లతో సహా, భద్రంగా వచ్చేస్తుంది. కానీ ఒకరికైనా, వందమందికైనా ఆ గది మొత్తం నడవాలి. దానికి పట్టే కరెంటు ఒక చలవగది నడిచేంత. ఏ చలవగది ఆపాలో నేనే ఎంచాలి.

అదే అక్కకు చెప్పాను. ఒక చలవగదిలో ఎంతమంది పడతారో అడిగింది. చెప్పాను. చుక్కకేసి చూసింది, నాకేసి చూసింది.

"నువ్వు నిజంగా రాయివే" అంది.

అని, వెంటనే వెళ్లిపోలేదు. చుక్కను దగ్గరికి లాక్కుని జడ విప్పి మళ్లీ అల్లింది, గట్టిగా, అది ఏడ్చేంత గట్టిగా. తర్వాత ఇంటికి వెళ్లారు. వెళ్లాక అమ్మ గీత కదిలి ఉంటుంది. చుక్కచేత పాట పాడించుకుంటుంటారు. ఇవాళ నాకు సెలవు, వెళ్లి చూడలేదు.

నరసింహం గారికి ఉత్తరం రాసి బల్లమీద పెట్టాను. పోలీసులు వస్తారని తెలుసు. ఎర్నాయుడు వస్తాడు, అతని మొహం చూడటమే కష్టం.

రేపు పొద్దుటి డ్యూటీ నాది. మొదటి పెట్టె తెరుచుకోకముందే శాల మొత్తం ఆపుతున్నాను. నకలు గది తెరవడం లేదు. అమ్మను కూడా ఆపుతున్నాను.